ఇంటి చలువకూ వెచ్చదనానికీ పెట్టే డబ్బు ఎటు పోతోంది?

ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు ఖర్చు 3 శాతం తగ్గుతుందని ఒకచోట చదువుతాం, 6 శాతమని ఇంకొకచోట వింటాం, 10 శాతమని చెప్పేవారూ ఉంటారు. వీరిలో ఎవరో ఒకరి మాటే నిజమై ఉండాలనీ, మిగిలినవారు లెక్క తప్పి ఉండాలనీ అనుకోవడం సహజం. అయితే ముగ్గురి మాటా నిజమే కావచ్చు, ఎందుకంటే ఆ శాతం యంత్రానికి అంటిపెట్టుకున్న సంఖ్య కాదు, ఆ ఇంటినీ ఆనాటి వాతావరణాన్నీ బట్టి మారే సంఖ్య. బయట 34 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు ఉన్నప్పుడు గోడకు అటూ ఇటూ ఉన్న తేడా 10 డిగ్రీలు. లోపల 25కు మార్చితే తేడా 9కి దిగి, గోడల గుండా వచ్చే వేడి పదోవంతు తగ్గుతుంది. బయట 44 ఉన్న రోజున అదే మార్పు ఇరవయ్యో వంతు మాత్రమే తగ్గిస్తుంది. కిటికీలోంచి పడే ఎండ, ఇంట్లోని మనుషులూ పరికరాలూ వెదజల్లే వేడి మనం ఏ అంకె పెట్టుకున్నా దాదాపు మారవు కాబట్టి, చేతికి వచ్చే ఆదా ఈ లెక్క చూపించిన దానికన్నా సాధారణంగా కొంత తక్కువే ఉంటుంది.

ఈ విషయంలో వినిపించే సలహాలు ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం, ప్రతి సలహా లెక్కలోని ఏదో ఒక అంశాన్నే పట్టుకుని మాట్లాడటం. స్థూలంగా చూస్తే లెక్కలో ఉన్నవి నాలుగు. గోడలు, పైకప్పు, కిటికీలు, సందులు కలిసి వేడిని ఎంత సులువుగా దాటనిస్తున్నాయన్నది మొదటిది. లోపలికీ బయటికీ మధ్య మనం ఎంత తేడాను, ఎన్ని గంటలపాటు కోరుకుంటున్నామన్నది రెండవది. అలా దాటివచ్చిన వేడిని బయటికి తోలడానికి, లేదా దాటిపోయిన వేడిని తిరిగి నింపడానికి, యంత్రం ఒక్కో యూనిట్ కరెంటుతో ఎంత పని చేస్తుందన్నది మూడవది. ఆ యూనిట్‌కు మనం కట్టే ధర నాలుగవది. మొదటి రెండింటినీ గుణించి, మూడవదానితో భాగించి, నాలుగవదానితో మళ్లీ గుణిస్తే బిల్లు వస్తుంది. ఇక్కడ ఉన్నది గుణకారం కాబట్టి ఆదా శాతాలను ఒకదానికొకటి కలుపుకోవడం కుదరదు. ఇంట్లోకి చొరబడే వేడిని 30 శాతం తగ్గించి, పైగా 30 శాతం తక్కువ కరెంటుతో పని చేసే యంత్రాన్ని బిగిస్తే ఆదా అయ్యేది 60 శాతం కాదు. వందలో 70 నిలుస్తుంది, ఆ 70లో మళ్లీ 70 శాతం, అంటే 49 నిలుస్తుంది, ఆదా 51 శాతం. ఒక పని ముందుగా చేస్తే రెండో పనికి లాభపడే చోటు తగ్గుతుందన్న మాట, కనుక ఏది ముందన్న ప్రశ్నకు ఇక్కడ విలువ ఉంది. చాలామంది మూడవ అంశంతో, అంటే కొత్త యంత్రంతో మొదలుపెడతారు, దుకాణంలో అమ్మకానికి దొరికేది అదొక్కటే కాబట్టి. నా దృష్టిలో అది సరైన మొదలు కాదు.

చిల్లికుండ లెక్క

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి ప్రయాణిస్తుంది, అందువల్ల వేసవిలో చల్లబరచడం, చలికాలంలో వెచ్చబరచడం అనేవి దిశ మారిన ఒకే సమస్య. సుమారు 23 సెంటీమీటర్ల మందం ఉన్న మామూలు ఇటుక గోడ, ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 2 వాట్ల వేడిని పోనిస్తుంది. పది చదరపు మీటర్ల గోడకు అటూ ఇటూ 15 డిగ్రీల తేడా ఉంటే ఆ గోడ గుండా నిరంతరం 300 వాట్లు దాటుతుంటాయి. దానికి 5 సెంటీమీటర్ల మందం ఉండి వేడిని అడ్డుకునే మంచి ఇన్సులేషన్ పలక అతికిస్తే ఈ 300 వాట్లు 80కి కాస్త దిగువకు పడిపోతాయి. ఉత్సాహంతో మరో 5 సెంటీమీటర్లు అతికిస్తే 45 వాట్లకు చేరుతాం. మొదటి పలక 220 వాట్లకు పైగా ఆపింది, అదే ఖరీదు చేసే రెండవ పలక ఆపింది 30 వాట్ల పైచిలుకు మాత్రమే. ఇన్సులేషన్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదన్న మాటలో అబద్ధం లేదు గానీ, ఖర్చు చేయగలిగిన సొమ్ము పరిమితమైనప్పుడు ఒకేచోట రెండింతలు పెట్టడం కన్నా ఏమీ లేని రెండుచోట్ల ఒక్కో పొర పెట్టడం ఎంతో లాభసాటి.

ఆ ఏమీ లేని చోట్లలో మొట్టమొదట చూడవలసింది పైకప్పు. గోడ మీద ఎండ కొన్ని గంటలే పడుతుంది, వాలుగా పడుతుంది, కప్పు మీద పగలంతా పడుతుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల ఎండ దిగుతుంది, ముదురు రంగు కప్పు అందులో 80 నుంచి 90 శాతాన్ని తాగేసి, చుట్టూ గాలి 38 డిగ్రీలు ఉన్నప్పుడు తాను 60 దాటి కాగుతుంది. కొత్తగా వేసిన మంచి తెల్లని ప్రతిఫలన పూత ఆ ఎండలో ముప్పాతిక వంతును, అంతకు మించి కూడా, వెనక్కు పంపిస్తుంది కనుక ఆ కప్పు ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతకు కాస్త ఎగువన ఆగిపోతుంది. దుమ్ము పేరుకున్నకొద్దీ పూత పనితనం తగ్గుతుంది, ఏడాదికొకసారి కడగకపోతే పెట్టిన డబ్బులో కొంత వృథా. చలి ప్రధానమైన ప్రాంతాల్లో ఈ పూత చలికాలపు ఎండను కూడా తిప్పికొడుతుంది కాబట్టి అక్కడ ఇన్సులేషనే మేలు, అది రెండు కాలాల్లోనూ పని చేస్తుంది.

పైకప్పు గురించి ఇంత చెప్పడానికి మరో కారణం ఉంది. మనిషికి తెలిసే వేడి, థర్మోమీటరు చూపించే గాలి వేడి ఒకటి కావు. శరీరం చుట్టూ ఉన్న గాలితో ఎంత వేడిని ఇచ్చిపుచ్చుకుంటుందో, చుట్టూ ఉన్న గోడలతో, కప్పుతో వికిరణం ద్వారా దాదాపు అంతే ఇచ్చిపుచ్చుకుంటుంది. కాంక్రీటు శ్లాబు పగలు తాగిన ఎండను కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా మనం పడుకోబోయే వేళకు కిందికి విడుస్తుంది. అప్పుడు గదిలో గాలి 26 డిగ్రీలకు చేరినా ఒళ్లు సెగగానే ఉంటుంది, దాంతో మనం ఏసీని 21కి దించుతాం. కప్పు చల్లబడితే అదే మనిషి 26 దగ్గర హాయిగా నిద్రపోగలడు. అంటే ఇన్సులేషన్ చొరబడే వేడిని తగ్గించడమే కాక, మనం కోరుకునే తేడాను కూడా తగ్గిస్తుంది, లెక్కలో మొదటి అంశమూ రెండవ అంశమూ ఒకేసారి దిగివస్తాయి. చలికాలంలోనూ ఇంతే. చల్లని గోడ పక్కన కూర్చున్నవారికి 22 డిగ్రీల గాలి కూడా చాలదు.

తరువాతిది గాలి. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ మార్చడానికి పట్టే శక్తి చాలా స్వల్పం, ఒక వాట్-గంటలో మూడింట ఒక వంతు. కానీ 150 ఘనపు మీటర్ల ఇంట్లో గంటకొకసారి గాలి మొత్తం మారిపోతూ, లోపలికీ బయటికీ 15 డిగ్రీల తేడా ఉంటే, ఆ ఒక్క కారణంగా నిరంతరం పోయేది 750 వాట్లు. ఇది పైన చెప్పిన ఇన్సులేషన్ లేని గోడలు రెండున్నర కలిసి పోగొట్టే వేడి. తలుపు కింద ఒక్క సెంటీమీటరు సందు ఉంటే ఎవరూ పట్టించుకోరు, 90 సెంటీమీటర్ల తలుపుకు ఆ సందు గోడలో అరచేయంత రంధ్రం పెట్టినదానితో సమానమని తెలిస్తే మాత్రం వెంటనే మూస్తారు. తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ, కిటికీ చట్రానికి అంటించే స్పాంజి పట్టీ, గొట్టాలు గోడను దాటేచోట పూసే సీలెంటు, మొత్తం ఈ వ్యాసంలో ప్రస్తావించే పనులన్నింటిలోకీ చవకైనవి, త్వరగా డబ్బు తిరిగి ఇచ్చేవి ఇవే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గదిలోని గాలినే వాడుకుని మండే గ్యాసు హీటరు, బొగ్గు కుంపటి, కట్టెల పొయ్యి వంటివి ఉన్నచోట సందులన్నీ మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని ప్రాణం తీస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. ఇల్లు బిగుతుగా మారేకొద్దీ గాలి మార్పిడికి వేరే ఏర్పాటు ఉండాలి.

కిటికీల విషయంలో నేరుగా పడే ఎండను, వాహకతను, అంటే అద్దం గుండా వేడి పాకడాన్ని, విడదీసి చూడకపోతే డబ్బు తప్పుదారి పడుతుంది. ఒంటి అద్దం చదరపు మీటరుకు, డిగ్రీకి 5 నుంచి 6 వాట్లు పోనిస్తుంది, రెండు అద్దాల మధ్య గాలి పొర ఉన్నదైతే అందులో సగం. తీవ్రమైన చలి ఉన్నచోట ఈ తేడా పెద్దదే. వేసవి ప్రధానమైనచోట మాత్రం అద్దం గుండా వాహకత వల్ల వచ్చే వేడి కన్నా నేరుగా పడే ఎండే అసలు శత్రువు. రెండు చదరపు మీటర్ల కిటికీ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతుంటే, మామూలు అద్దం అందులో 85 శాతం లోపలికి వదులుతుంది, అంటే వేసవి మధ్యాహ్నం గదిలో 1000 వాట్ల హీటరు వెలిగించి, దాని పక్కనే ఏసీ నడుపుతున్నామన్న మాట. లోపల కట్టిన దళసరి తెర దీన్ని కొంతే ఆపగలదు. అద్దం దాటి వచ్చిన ఎండ తెరకు తగిలి వేడిగా మారుతుంది, ఆ వేడి కిరణాలు అద్దం గుండా తిరిగి బయటికి పోలేవు. అదే ఎండను అద్దానికి బయట, చాప తోనో, లౌవర్లతోనో, చెట్టు నీడతోనో ఆపితే సమస్యే ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల? సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పటి ఎండకు కిటికీ పైన ముందుకు పొడుచుకొచ్చిన చూరు చాలు, తూర్పు పడమరల నుంచి వాలుగా వచ్చే ఎండకు చూరు పనికిరాదు, నిలువుగా దిగే అడ్డు కావాలి. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు కిటికీకి సరిగ్గా కొలిచి కట్టిన చూరు వేసవిలో ఎత్తున ఉన్న సూర్యుణ్ణి ఆపి, చలికాలంలో కిందుగా వచ్చే సూర్యుణ్ణి లోపలికి రానిస్తుంది. పైసా ఖర్చు లేకుండా రెండు కాలాల్లో రెండు పనులు చేసే యంత్రం ఇంకొకటి నాకు తెలియదు.

తేమ అనే కనిపించని బరువు

1902లో విలిస్ కారియర్ అనే యువ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం నేటి ఏసీకి మూలపురుషుడనదగిన యంత్రాన్ని రూపొందించాడు. అక్కడి ఇబ్బంది ఉక్కపోత కాదు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, కుంచించుకుపోయి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసే రంగులు పక్కకు జరిగిపోయేవి. ఆ యంత్రం తేమను అదుపు చేయడానికి పుట్టింది, చల్లదనం దాని వెంట వచ్చింది. నేటికీ ఏసీ చేసే పనిలో కొంత భాగం ఇదే. ఆవిరిగా ఉన్న ఒక లీటరు నీటిని చల్లని తీగచుట్ట మీద తిరిగి నీరుగా మార్చడానికి దాదాపు 0.68 యూనిట్ల గుప్తోష్ణాన్ని, అంటే ఆవిరిలో దాగి ఉన్న వేడిని, లాగెయ్యాలి. ఏసీ గొట్టం నుంచి గంటకు ఒక లీటరు నీరు కారుతోందంటే ఒకటిన్నర టన్నుల యంత్రం సామర్థ్యంలో ఎనిమిదో వంతు ఆ నీటికే ఖర్చవుతోందని అర్థం, గదిలో ఉష్ణోగ్రత ఆ మేరకు ఒక్క పిసరు కూడా తగ్గదు. తీరప్రాంతాల వంటి తేమ నిండిన చోట సందుల్లోంచి చొరబడే గాలి అందుకే రెండు రకాలుగా ఖర్చు పెంచుతుంది. ఏసీ నడుస్తున్న గదిలో తడి బట్టలు ఆరేయడం, గదికి ఆనుకున్న స్నానాలగది తలుపు తెరిచి ఉంచడం కూడా ఆ గొట్టంలో కారే నీటిని పెంచే పనులే.

ఎయిర్ కూలర్‌ది దీనికి తలకిందుల పని. అది నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరికి కావలసిన వేడిని గాలి నుంచి లాక్కుంటుంది కాబట్టి 100, 200 వాట్లతోనే గదిని చల్లబరచగలదు. గాలి పొడిగా ఉన్నప్పుడు దానికి సాటి లేదు. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, గది ఉక్కగా మాత్రం మారుతుంది. కూలరునూ ఏసీనీ ఒకే గదిలో కలిపి నడిపేవారు ఒక యంత్రం పోసిన నీటిని రెండో యంత్రంతో తోడిస్తున్నారు.

వేడిని మోసే కూలి

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. కరెంటుతో నేరుగా వేడి పుట్టించే హీటర్లన్నీ, ఆయిల్ నింపినదైనా, ఫ్యాన్ ఉన్నదైనా, ఎర్రగా వెలిగే కడ్డీదైనా, ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడినే ఇస్తాయి. తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇచ్చే హీటరు అని ఎవరైనా అమ్మజూపితే నమ్మనవసరం లేదు. తేడా ఉండేది ఆ వేడి ఎక్కడికి పోతుందన్న విషయంలోనే. గది గాలిని వేడి చేసే హీటరు కన్నా మనిషి మీదికి నేరుగా కిరణాలు పంపేది తక్కువ వాట్లతో పని జరుపుతుంది, పడక మీద పరిచే కరెంటు దుప్పటి 100 వాట్ల లోపే సరిపెడుతుంది. గదిని కాక మనిషిని వెచ్చబరచడం ఎంత చవకో దీన్నిబట్టి తెలుస్తుంది.

హీట్ పంపుది వేరే జాతి. అది వేడిని పుట్టించదు, ఉన్న వేడిని ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మోస్తుంది, మనం చెల్లించేది మోసిన కూలి. చలికాలంలో కూడా బయటి గాలిలో వేడి ఉంటుందనీ, తగిన యంత్రంతో దాన్ని లోపలికి తోడవచ్చనీ, నేరుగా ఇంధనం కాల్చడం కన్నా అది ఎంతో పొదుపనీ 1852లోనే విలియం థామ్సన్, తరువాతి కాలంలో కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త, వివరించాడు. ఏసీ కూడా హీట్ పంపే, రెండు దిశల్లో పని చేసే ఏసీ చలికాలంలో హీటరుగా మారుతుంది. ఒక యూనిట్ కరెంటుతో అది మూడు, నాలుగు యూనిట్ల వేడిని చేరవేయగలదు.

మోతకూలి ఎత్తును బట్టి పెరుగుతుందన్నదే ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు వేడిని తోడి 50 డిగ్రీల నీటిగా ఇవ్వాలంటే చేరవేసిన వేడికీ వాడిన కరెంటుకూ మధ్య ప్రకృతి నియమం అనుమతించే గరిష్ఠ నిష్పత్తి 6.5, 35 డిగ్రీల నీరు చాలంటే 8.8. వాస్తవ యంత్రాలు ఇందులో సగానికి అటూ ఇటూగా సాధిస్తాయి. అందుకే గదిని వెచ్చబరచడానికి చిన్న రేడియేటర్లలో, అంటే లోహపు పలకల్లో, బాగా వేడి నీరు తిప్పే ఇంట్లో హీట్ పంపు ఆశించినంత ఆదా చూపదు, నేల అడుగున గోరువెచ్చని నీరు ప్రవహించే ఇంట్లో అదే యంత్రం అద్భుతంగా పని చేస్తుంది. యంత్రానిది తప్పని తిట్టేవారు చాలా సందర్భాల్లో గొట్టాలను తిట్టాలి. ఇలా తిప్పే నీటిని గ్యాసుతో కాచే బాయిలరుకు కూడా ఇలాంటి కిటుకే ఒకటి ఉంది. పొగలోని ఆవిరిని ద్రవంగా మార్చి దాని గుప్తోష్ణాన్ని కూడా పట్టుకునే కండెన్సింగ్ బాయిలర్లు, తిరిగివచ్చే నీరు సుమారు 55 డిగ్రీలకు దిగువన ఉంటేనే ఆ పని చేస్తాయి. దానికోసం ఎక్కువ ధర పెట్టి కొని, నీటి వేడిని 75 దగ్గర ఉంచేస్తే అది మామూలు బాయిలరే.

ఏసీ పక్క నుంచి చూస్తే, దుమ్ము పట్టిన ఫిల్టరు లోపలి తీగచుట్టకు గాలి అందకుండా చేసి దాన్ని మరీ చల్లబరుస్తుంది, ఇరుకు మూలలో పెట్టిన బయటి యూనిట్ తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ మోయవలసిన ఎత్తు పెరుగుతుంది. ఫిల్టరు కడగమని ప్రతివారూ చెప్పే సలహా వెనుక ఉన్నది శుభ్రత మాత్రమే కాదు.

యంత్రం పరిమాణం గురించి కూడా ఒక మాట. టన్ను అనేది ఏసీ బరువు కాదు, ఒక టన్ను మంచును 24 గంటల్లో కరిగించగల వేడిని తొలగించే సామర్థ్యం, సుమారు 3.5 కిలోవాట్లు. పెద్దది తీసుకుంటే త్వరగా చల్లబడి ఆగిపోతుంది కదా, ఆదాయే కదా అనుకుంటారు. వేగం మార్చుకోలేని పాత రకం యంత్రమైతే గాలి చల్లబడగానే ఆగిపోతుంది, తేమ పూర్తిగా తీయడానికి దానికి వ్యవధి దొరకదు, గది చల్లగానూ జిడ్డుగానూ ఉండిపోతుంది, ఇంటివారు అంకెను ఇంకా కిందికి దించుతారు. ఇన్వర్టర్ రకాలు అవసరాన్ని బట్టి నెమ్మదించగలవు, నెమ్మదిగా నడిచినప్పుడే వాటి నిష్పత్తి మెరుగుపడుతుంది. అయినా వాటికీ ఒక కనిష్ఠ వేగం ఉంది. కప్పుకు ఇన్సులేషన్ వేయించి, ఎండను బయటే ఆపిన తరువాత ఏసీ కొంటే తక్కువ టన్నులది సరిపోతుంది. ముందు కొంటే ఆ అవకాశం చేజారుతుంది, వరుస గురించి మొదట్లో అన్నది ఇందుకే.

మీటలూ అలవాట్లూ

గది త్వరగా చల్లబడాలని 18 దగ్గర పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. గది 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు లక్ష్యం 18 అయినా 25 అయినా యంత్రం తన పూర్తి శక్తితోనే నడుస్తుంది. తేడా తెలిసేది గంట తరువాత, అది 25 దగ్గర ఆగకుండా కిందికి పోతున్నప్పుడు. బయటికి వెళ్లేటప్పుడు ఆపేసి, తిరిగొచ్చి మళ్లీ చల్లబరచడం కన్నా నడుస్తూ ఉంచడమే చవకన్న నమ్మకం మాత్రం ఇంతకన్నా మొండిది. నిండుగా ఉన్న చిల్లికుండ వేగంగా కారుతుంది, మట్టం తగ్గేకొద్దీ కారడం నెమ్మదిస్తుంది. యంత్రాన్ని ఆపిన గంటల్లో లోపలికీ బయటికీ తేడా కరిగిపోతూ ఉంటుంది కాబట్టి దాటే వేడి మొత్తం తగ్గుతుంది, తిరిగి రాగానే చెయ్యవలసిన అదనపు పని ఆ మిగులును సాధారణంగా మించదు. అయితే దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తిరిగి వెచ్చబరచేటప్పుడు హీట్ పంపు చాలక దానికి తోడుగా మామూలు కరెంటు కడ్డీ వెలిగే ఏర్పాటు ఉంటే లెక్క తారుమారవుతుంది. మందపాటి రాతి గోడల ఇల్లు రెండు గంటల్లో పెద్దగా మారదు కాబట్టి అక్కడ ఆదా నామమాత్రం. గడ్డకట్టే చలిలో హీటింగ్ పూర్తిగా ఆపేస్తే నీటి గొట్టాలు పగిలి అసలుకే ఎసరు వస్తుంది.

ఫ్యాన్ గదిని చల్లబరచదు. అది వాడే కరెంటు చివరికి వేడిగా మారి గదిలోనే మిగులుతుంది. అది చల్లబరిచేది మనిషిని, ఒంటి మీది చెమటను ఆవిరి చేసి. అందువల్ల మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాన్ ఖర్చు తప్ప మరొకటి కాదు, మనిషి ఉన్న గదిలో మాత్రం రెండు మూడు డిగ్రీల హాయిని 30 నుంచి 75 వాట్లతో ఇస్తుంది. ఏసీ అంకెను 24 నుంచి 27కు పెంచి ఫ్యాన్ వేసుకోవడం వెనుక ఉన్న లెక్క ఇది. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు, మరీ 40 డిగ్రీలు దాటిన పొడి గాలిలో, ఫ్యాన్ ఒంటికి వేడిని చేర్చే ప్రమాదం ఉంది. వృద్ధులూ పసిపిల్లలూ ఉన్న ఇంట్లో అలాంటి రోజున పొదుపు గురించి ఆలోచించకూడదు.

కొనే ముందు

రెండు ఏసీల మధ్య ధర తేడా గిట్టుబాటవుతుందా లేదా అన్నది వాడకపు గంటలు తేలుస్తాయి. ఏడాదికి 4000 యూనిట్ల వేడిని తోలవలసిన ఇంట్లో, 3.5 నిష్పత్తి ఉన్న యంత్రం 1143 యూనిట్ల కరెంటు తీసుకుంటే 5 నిష్పత్తి ఉన్నది 800తో సరిపెడుతుంది, ఏటా 343 యూనిట్లు మిగులుతాయి. అతిథుల గదిలో, ఏడాదికి 1000 యూనిట్ల వేడి తోలితే చాలన్న చోట, మిగిలేది 86 మాత్రమే. మొదటి ఇంట్లో నాలుగేళ్లలో తిరిగొచ్చే ధర రెండో చోట పదహారేళ్లు పడుతుంది, అప్పటికి యంత్రమే ఉండకపోవచ్చు. ఖరీదైన యంత్రాన్ని ఎక్కువ వాడే గదిలో పెట్టడం, పాతదాన్ని తక్కువ వాడే గదికి మార్చడం ఇందువల్లే తెలివైన పని. కొత్తది కరెంటు తక్కువ తీసుకుంటుంది కదా అని ఇంకో రెండు గంటలు ఎక్కువ నడిపే మనస్తత్వం మాత్రం ఏ లేబుల్ మీదా ముద్రించి ఉండదు.

ధర దగ్గరికొస్తే, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నచోట ఏసీ కరెంటు అంతా పై శ్లాబులో పడుతుంది కాబట్టి ఆదాను సగటు రేటుతో కాక ఆ పై రేటుతో లెక్కించాలి. రోజులో వేళను బట్టి రేటు మారేచోట, బరువైన గోడలున్న ఇంటిని చవక వేళలో ముందుగానే చల్లబరచి, ఖరీదైన వేళలో యంత్రాన్ని నెమ్మదింపజేయవచ్చు. మొత్తం యూనిట్లు కాస్త పెరిగినా డబ్బు తగ్గుతుంది. తేలికపాటి గోడలకు ఈ ఉపాయం పనికిరాదు.

ఇంతకీ ఎవరి ఇంట్లో ఏది ముందు చేయాలో వారి మీటరే చెబుతుంది. ఏసీ గానీ హీటరు గానీ అవసరం లేని నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో చూసి, ఆ సంఖ్యను వేసవి నెల నుంచి, చలి నెల నుంచి తీసివేస్తే మిగిలేదే ఇక్కడ చర్చించినదంతా ప్రభావితం చేయగల భాగం. తటస్థంగా ఉన్న నెలలో 150, మండువేసవిలో 400 అయితే మన చేతిలో ఉన్నది 250 మాత్రమే, సగం తగ్గిస్తామన్న ప్రకటనను ఈ 250కే అన్వయించుకోవాలి. తరువాత ఒక రాత్రి, గది కోరుకున్న ఉష్ణోగ్రతకు చేరాక యంత్రాన్ని ఆపి, ప్రతి అరగంటకు థర్మోమీటరు చూసి రాసుకోవాలి. మొదటి అరగంటలోనే రెండు మూడు డిగ్రీలు జారిపోతే దోషం యంత్రానిది కాదు. ఇక గాలి గట్టిగా వీచే రోజున ఒక అగరుబత్తి వెలిగించి తలుపుల అంచుల వెంట, కిటికీ చట్రాల వెంట, స్విచ్చుబోర్డుల దగ్గర మెల్లగా తిప్పుతూ పోతే, పొగ ఎక్కడ అడ్డంగా వంగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవచ్చు.